కమలాదేవి వెతికిన చేతులు

ఈ సంచికకి పేరున్న మనిషి ఎవరిదైనా జీవితం రాయాలి అన్నప్పుడు నేను కమలాదేవి ఛటోపాధ్యాయ గారి పేరు ఇచ్చాను. ఆవిడెవరు అని గ్రూపులో ఇద్దరు ముగ్గురు అడిగారు. స్కూల్ జీకే పుస్తకాల్లో ఆవిడకి ఒక లైన్ ఉంటుంది, హస్తకళల ఉద్యమం అని. అక్కడితో సరి. ఆవిడ తెలుగావిడ కాదు, నెల్లూరుతో చుట్టరికమూ లేదు. కానీ మన దగ్గర్నుంచి గూడూరు, నాయుడుపేట మీదుగా శ్రీకాళహస్తి వెళ్తే, అక్కడ ఇవాళ్టికీ వెదురు పుల్లతో గుడ్డ మీద రామాయణం రాసేవాళ్లు ఉన్నారు. ఆ పని నిలబడడం వెనక ఆవిడ ఉన్నారు.

నాకు ఇంకో కారణం కూడా ఉంది. అదే రామాయణాన్ని గుడ్డకి బదులు మేకతోలు మీద వేసి, దీపం ముందు ఆడించే తోలుబొమ్మలాట మన తీరంలో దాదాపు కనిపించకుండా పోయింది. ఒకటి ఎందుకు మిగిలింది, ఇంకొకటి ఎందుకు పోయింది అని చదువుకుంటూ పోతుంటే రెండు దారుల్లోనూ ఈవిడ ఎదురయ్యారు.

కమలాదేవి 1903 ఏప్రిల్ 3న మంగళూరులో పుట్టారు. అదీ సముద్రతీరమే, కాకపోతే అటువైపు సముద్రం. యక్షగానం రాత్రంతా ఆడే ప్రాంతం. ఆ వేషాలూ ఆ కిరీటాలతోనే చెక్కబొమ్మలకి దారాలు కట్టి ఆడించే అలవాటు కూడా ఆ తీరంలో ఉంది. తండ్రి అనంతయ్య ధారేశ్వర్ ప్రభుత్వంలో పెద్ద ఉద్యోగి. తల్లి గిరిజాబాయి బాగా చదువుకున్న మనిషి. కమలాదేవికి ఏడేళ్లప్పుడు తండ్రి చనిపోయారు. వీలునామా లేదు. అప్పటి చట్టం ప్రకారం ఆస్తంతా ఆయన మొదటి భార్య కొడుక్కి పోయింది. వీళ్లకి భరణం ఇస్తామన్నారు. గిరిజాబాయి వద్దన్నారు. పుట్టింటి నుంచి తెచ్చుకున్న దానితోనే కూతురిని పెంచుకున్నారు.

కమలాదేవి జీవితంలో నాకు అన్నిటికంటే ముఖ్యంగా కనిపించేది ఇదే. పెద్ద ఇంట్లో పుట్టి, ఒక్క సంతకం లేకపోవడం వల్ల ఏమీ లేనివాళ్లయిపోవడం ఆ పిల్ల కళ్లారా చూసింది. తర్వాత జీవితమంతా ఆవిడ ఏ పని చేసినా, అందులో ఈ మనిషికి సొంత సంపాదన ఉందా అనే ప్రశ్న ఒకటి ఉంటుంది.

పద్నాలుగేళ్లకి పెళ్లి. రెండేళ్లు తిరక్కుండానే భర్త పోయారు. అప్పట్లో అలాంటి పిల్ల జీవితం అక్కడితో అయిపోయినట్టే. ఆవిడ చదువు మానలేదు. మద్రాసు క్వీన్ మేరీస్ కాలేజీలో చేరారు. అక్కడ సుహాసిని అనే స్నేహితురాలు దొరికింది. ఆ అమ్మాయి సరోజినీ నాయుడు గారి చెల్లెలు. ఆ ఇంటి అబ్బాయే హరీంద్రనాథ్ ఛటోపాధ్యాయ, కవి, నటుడు. (బావర్చీ సినిమాలో ఆ ముసలి తాతయ్య ఆయనే, హిందీ పాత సినిమాలు చూసేవాళ్లకి గుర్తుండే ఉంటుంది.) ఇద్దరూ పెళ్లి చేసుకున్నారు. వితంతువు మళ్లీ పెళ్లి చేసుకోవడం, అదీ వేరే కులం, వేరే భాష అబ్బాయిని. ఎంత గొడవైందో మీరే ఊహించుకోండి. అలా ఆవిడ హైదరాబాదులో స్థిరపడిన ఇంటికి కోడలయ్యారు. హరీంద్రనాథ్ తండ్రి అఘోరనాథ్ ఛటోపాధ్యాయ హైదరాబాదులో నిజాం కాలేజీకి మొదటి ప్రిన్సిపాల్.

ఆ పెళ్లి చివరిదాకా నిలవలేదు. కానీ ఆ సంసారం ఆవిడకి నాటకాన్ని ఇచ్చింది. ఇద్దరూ కలిసి ఊళ్లు తిరిగి నాటకాలు ఆడారు. గౌరవమైన కుటుంబాల ఆడవాళ్లు స్టేజీ ఎక్కని రోజులవి. మృచ్ఛకటికం కథతో 1931లో వచ్చిన మూకీ సినిమాలో కూడా ఆవిడ నటించారు. ఆ తర్వాత సైగల్‌తో 1943 నాటి తాన్‌సేన్‌లో కనిపించారు. తెర వెనకా ముందూ ఏం జరుగుతుందో, ఒక కిరీటం తయారు కావాలంటే ఎంతమంది చేతులు పడాలో ఆవిడకి పుస్తకాల్లో చదివి తెలిసింది కాదు.

రాజకీయాల సంగతి త్వరగా చెప్పేస్తాను, ఎందుకంటే అది ఎక్కడైనా దొరుకుతుంది. లండన్‌లో చదువుకుంటూ 1923లో ఉద్యమం కోసం తిరిగొచ్చారు. 1926లో మద్రాసు శాసనసభకి పోటీ చేశారు. దేశంలో చట్టసభకి పోటీ చేసిన మొదటి మహిళగా ఆవిడ పేరే చెబుతారు. కొద్ది ఓట్లతో ఓడిపోయారు. 1927లో అఖిల భారత మహిళా సభ పుట్టినప్పుడు దాని కార్యదర్శి. 1936లో కాంగ్రెస్ సోషలిస్టు పార్టీకి అధ్యక్షురాలు.

ఉప్పు సత్యాగ్రహం దగ్గర మాత్రం కాస్త ఆగాలి. 1930లో గాంధీజీ దండి యాత్రకి మొదట ఆడవాళ్లని తీసుకోలేదు. కమలాదేవి వెళ్లి ఆయనతో వాదించి, సత్యాగ్రహంలో ఆడవాళ్లకి కూడా చోటు ఉండేలా ఒప్పించారు. తర్వాత బొంబాయిలో ఉప్పు వండి, పొట్లాలు కట్టి, వీధుల్లో అమ్మారు. స్టాక్ ఎక్స్‌ఛేంజ్ లోపలికి వెళ్లి మరీ వేలం వేశారు. జైలుకెళ్లారు. మన ఇస్కపల్లి వైపు ఉప్పు మడులు చూసినవాళ్లకి తెలుసు, ఉప్పు పండించడం ఎంత కష్టమో, దానికి రేటు ఎంత తక్కువో. గుప్పెడు ఉప్పుని జనం ఎగబడి కొనే వస్తువుగా చేసినావిడ, ఇరవై ఏళ్ల తర్వాత పల్లెటూరి బుట్టనీ గుడ్డనీ ఢిల్లీలో అమ్మి చూపించడంలో నాకు ఆశ్చర్యం కలగలేదు. అమ్మడం చిన్నతనం అని ఆవిడ ఎప్పుడూ అనుకోలేదు.

స్వాతంత్ర్యం వచ్చింది. దానితోపాటే విభజన. ఆవిడ స్థాయి వాళ్లు చాలామంది పదవుల్లోకి వెళ్లారు. ఆవిడ శరణార్థుల శిబిరాల్లోకి వెళ్లారు. 1948లో ఇండియన్ కోఆపరేటివ్ యూనియన్ అనే సహకార సంస్థ పెట్టారు. వాయవ్య సరిహద్దు నుంచి వచ్చిన వేలమంది కోసం ఢిల్లీ పక్కన ఫరీదాబాద్ ఊరు లేచిందంటే అందులో ఆ సంస్థ కష్టం చాలా ఉంది. శరణార్థుల చేతిలో ఇల్లూ పొలమూ లేవు. చేతిపని తెలిసినవాడికి మాత్రం అది వాడితోనే సరిహద్దు దాటి వచ్చింది. ఆవిడ హస్తకళల్లోకి వచ్చిన దారి ఇదీ. బొమ్మలు అందంగా ఉన్నాయని కాదు, మనుషులకి బతుకుతెరువు కావాలని.

1952లో అఖిల భారత హస్తకళల బోర్డు ఏర్పడింది. మొదటి అధ్యక్షురాలు ఆవిడే. దాదాపు ఇరవై ఏళ్లు ఆ పని చూశారు. అదే ఏడాది ఢిల్లీలోని సెంట్రల్ కాటేజ్ ఇండస్ట్రీస్ ఎంపోరియం నిర్వహణ కూడా ఆవిడ సహకార సంస్థ చేతికి వచ్చింది. అప్పుడు దేశమంతా ఆనకట్టలూ ఉక్కు ఫ్యాక్టరీలూ అంటోంది. ఇంజనీరింగ్ చదివే మనం ఆ కాలాన్ని గొప్పగా చెప్పుకుంటాం, చెప్పుకోవాల్సిందే. కానీ అదే సమయంలో ఒకావిడ కారులో, జీపులో, అవసరమైతే నడిచి, ఫలానా ఊళ్లో ఫలానా పని తెలిసిన ముసలాయన ఒక్కడే మిగిలాడట అని విని ఆయన్ని వెతుక్కుంటూ పోతున్నారు.

ఆవిడ పద్ధతి నాకు అర్థమైనంతలో ఇలా ఉంటుంది. ముందు పని తెలిసిన చెయ్యిని పట్టుకోవాలి. ఆ మనిషిని కళాకారుడని దండేసి వదిలేయకుండా గురువుగా కూర్చోబెట్టాలి. పక్కన కుర్రాళ్లని పెట్టాలి. వాళ్లు చేసింది కొనే చోటు చూపించాలి. జైపూర్ నీలిరంగు కుండల పని మళ్లీ లేచింది ఇలాగే. 1957లో శ్రీకాళహస్తిలో కలంకారీ శిక్షణా కేంద్రం వచ్చింది కూడా ఇలాగే. అప్పటికి అక్కడ చెయ్యి తిరిగినవాళ్లు కొద్దిమందే మిగిలారు. జొన్నలగడ్డ లక్ష్మయ్య గారు గురువుగా కూర్చున్నారు.

కలంకారీ పని ఎలా ఉంటుందో మన కెమికల్ బ్రాంచి వాళ్లు ఒకసారి వెళ్లి చూడాలి. ముతక నూలు గుడ్డని కరక్కాయ, పాలు కలిపిన నీళ్లలో నానబెట్టి ఎండబెడతారు. కరక్కాయలో టానిన్ ఉంటుంది. పాలల్లోని కొవ్వు వల్ల రంగు గుడ్డ మీద పాకకుండా గీత గీతలా నిలబడుతుంది. నలుపు కోసం తుప్పు పట్టిన ఇనుప ముక్కలూ, బెల్లమూ నీళ్లలో వేసి రోజుల తరబడి పులియబెడతారు. దాన్ని కసిమి అంటారు. వెదురు పుల్లకి గుడ్డో దారమో చుట్టి, ఆ నీళ్లలో ముంచి గీస్తారు. పుల్లలోంచి వచ్చేటప్పుడు అది పల్చగా ఉంటుంది. గుడ్డలోని టానిన్‌తో ఇనుము కలవగానే కళ్లముందే నల్లబడుతుంది. ఎరుపు రావాల్సిన చోట పటిక రాసి, తర్వాత వేళ్ల రంగులో ఉడికిస్తారు. పటిక తగిలిన చోటే ఎరుపు పడుతుంది. ప్రతి రంగు తర్వాతా పారే నీళ్లలో జాడించాలి. ఆ నీళ్లు స్వర్ణముఖివి. అదే స్వర్ణముఖి నాయుడుపేట మీదుగా వచ్చి మన తీరంలోనే సముద్రంలో కలుస్తుంది. అంటే శ్రీకాళహస్తి రంగు చివరికి చేరేది మన దగ్గరికే.

ఇప్పుడు తోలుబొమ్మల దగ్గరికి వస్తాను. మా అవ్వ వాళ్లది విడవలూరు వైపు సముద్రానికి దగ్గర ఊరు. తన చిన్నప్పుడు వానలు పడకపోతే బొమ్మలాట ఆడించేవాళ్లని చెప్పేది. ఆటవాళ్లు కుటుంబం మొత్తం బండ్లు కట్టుకుని వచ్చేవాళ్లట. తెల్ల పంచెలు కలిపి కుట్టి తెర కట్టేవాళ్లు. వెనక ఆముదం దీపాలు. మనిషెత్తు రావణాసురుడు. మద్దెల, హార్మోనియం, తాళాలు. యుద్ధం వచ్చేసరికి కాలికింద చెక్కపలక తొక్కుతుంటే పిల్లలు అదిరిపోయేవాళ్లట. జుట్టుపోలిగాడు, బంగారక్క వచ్చి బూతులు మొదలుపెట్టగానే పెద్దవాళ్లు పిల్లల్ని నిద్రపొమ్మనేవాళ్లు, పిల్లలు మాత్రం అప్పుడే లేచి కూర్చునేవాళ్లు. ఈ మాట చెప్పేటప్పుడు అవ్వ నవ్వు ఆపుకోలేకపోయేది.

ఆ ఆటవాళ్లలో చాలామంది ఇళ్లల్లో మరాఠీ లాంటి భాష మాట్లాడతారు, తెర వెనక మాత్రం అచ్చమైన తెలుగు పద్యాలు, రంగనాథ రామాయణం. పాల్కురికి సోమనాథుడు పండితారాధ్య చరిత్రలోనే బొమ్మలాటని ప్రస్తావించాడంటే ఇది ఎంత పాతదో చూడండి. జావాలోని నీడబొమ్మలకీ దీనికీ సంబంధం ఉందని వాదించేవాళ్లు కూడా ఉన్నారు. అంత పాత ఆటని టూరింగ్ టాకీసులు ఒకటి రెండు తరాల్లో పక్కకి నెట్టేశాయి.

కలంకారీకి పనికొచ్చిన కమలాదేవి పద్ధతి ఇక్కడ సగమే పనిచేస్తుంది. గుడ్డ ఒక వస్తువు. చుట్టి ఢిల్లీకి పంపొచ్చు. బొమ్మ కూడా వస్తువే, దాన్నీ పంపొచ్చు. తోలుమీద అదే పనితనంతో దీపాల గుబురులూ, గోడకి వేలాడదీసే బొమ్మలూ చేసి బతుకుతున్న కుటుంబాలు అనంతపురం వైపు నిమ్మలకుంటలో ఉన్నాయి. ఆంధ్ర తోలుబొమ్మలకి భౌగోళిక గుర్తింపు కూడా వచ్చింది. కానీ ఆట వస్తువు కాదు. రాత్రంతా మేలుకునే ఊరు కావాలి, పద్యం నోటికొచ్చిన ఆడమనిషి గొంతు కావాలి, కోతి గంతులు వేసే బొమ్మని రెండు చేతులతో ఆడిస్తూ కాలితో పలక తొక్కే మనిషి కావాలి. దీన్ని ఎంపోరియంలో ఏ అరలో పెడతాం?

ఈ తేడా ఆవిడకి తెలియనిది కాదనే నా నమ్మకం. ఎందుకంటే హస్తకళల బోర్డుతో పాటు ఆవిడ రంగస్థలం కోసం వేరే పని నడిపించారు. భారతీయ నాట్య సంఘ్ అనే సంస్థని నిలబెట్టి, దాన్ని యునెస్కో కింద ఉన్న అంతర్జాతీయ నాటక సంస్థతో కలిపారు. ఆ సంఘం మొదలుపెట్టిన ఏషియన్ థియేటర్ ఇన్‌స్టిట్యూటే తర్వాత 1959లో వచ్చిన నేషనల్ స్కూల్ ఆఫ్ డ్రామాలో కలిసింది. సంగీత నాటక అకాడమీలో ఉపాధ్యక్షురాలిగా, తర్వాత అధ్యక్షురాలిగా పనిచేశారు. (1953లో ఆ అకాడమీ మొదటి అధ్యక్షుడు మన తెలుగు నాటక రచయిత, మద్రాసు హైకోర్టు ప్రధాన న్యాయమూర్తి పి.వి. రాజమన్నార్ గారు.) వీటన్నిటితో పాటు ఢిల్లీలో థియేటర్ క్రాఫ్ట్స్ మ్యూజియం పెట్టారు. బొమ్మలు, ముసుగులు, కిరీటాలు, నగలు, అంటే నాటకం ఆడడానికి చేతులతో చేసే ప్రతిదానికీ ఒక ఇల్లు. పెయింటింగులకీ శిల్పాలకీ మ్యూజియంలు ఉన్నాయి కానీ హనుమంతుడి తోక కట్టేవాడి పనికి చోటు ఎక్కడుంది? ఆ చోటు ఆవిడ కట్టారు.

నాకు ఆవిడతో ఒక చిన్న పేచీ ఉంది. గాజు వెనక ఉన్న బొమ్మ ఆడదు. నీడబొమ్మకి ప్రాణం దాని వెనక దీపంలో ఉంది, మ్యూజియం లైటు దాని ముందు ఉంటుంది. తోలు పారదర్శకంగా ఉండేదాకా గీకి, సన్నటి ఉలితో చిల్లులు పెట్టేది వెలుతురు అందులోంచి రావడానికే. ఎదురుగా లైటు వేస్తే అది మాసిన తోలు ముక్క. అయినా ఆవిడ ఆ పని చేయకపోతే పరిస్థితి ఏంటి అని కూడా ఆలోచించాను. 1972లో వన్యప్రాణి సంరక్షణ చట్టం వచ్చాక జింక తోలుతో బొమ్మ చేయడానికి లేదు. పాత పెట్టెల్లో ఉన్నవి చెదపట్టి పోతే మళ్లీ రావు. రేపు ఎవరైనా కుర్రాడు నేర్చుకుంటానంటే, చిల్లు ఎక్కడ పెట్టారో, మోచేతి దగ్గర కీలు ఎలా కట్టారో చూడడానికి ఒక పాత బొమ్మ ఉండాలి కదా. మన భాషలో చెప్పాలంటే అది బ్యాకప్. బ్యాకప్ ఉంటే సరిపోదు, నడిపే మిషన్ కూడా కావాలి. ఆవిడ రెండింటికీ ప్రయత్నించారు, మొదటిది కుదిరింది.

మన క్లబ్బులో మొన్న నడిచిన చర్చ కూడా దాదాపు ఇదే. ఈ ఏడాది ఫెస్టులో తోలుబొమ్మలాట పెట్టిద్దాం అనుకున్నాం. ఇరవై నిమిషాల స్లాట్ ఇచ్చి, నాలుగు వైపుల నుంచి వీడియో తీసి, ఆర్కైవ్ చేద్దామని కొందరు. ఇరవై నిమిషాలకి రాను పోను ఖర్చులే సరిపోతాయి, కుటుంబం మొత్తాన్ని పిలిపించి రాత్రంతా ఆడిద్దాం, టికెట్టు పెడదాం అని ఇంకొందరు. తెల్లారి ల్యాబ్ ఉందని మూడో పార్టీ. నేను టికెట్టు వైపు. కమలాదేవి గారిని చదివాక ఇంకా గట్టిగా ఆ వైపు. వీడియో తీసుకోవద్దని కాదు. ఆ మనిషి పక్కన పలక తొక్కడం నేర్చుకునే పన్నెండేళ్ల పిల్లాడు ఎవరైనా ఉంటే, వాడికి ఇందులో రేపు డబ్బుందని కనిపించాలి. వీడియో వాడికి ఆ సంగతి చెప్పదు. టికెట్టు కొన్న రెండొందల మంది చెప్తారు.

ఆవిడకి బిరుదులు చాలానే వచ్చాయి. 1955లో పద్మభూషణ్, 1966లో రామన్ మెగసెసే, 1987లో పద్మవిభూషణ్. ఆ మెగసెసే కళకి ఇచ్చింది కాదు, సమాజ నాయకత్వానికి ఇచ్చింది. 1964లో భారత హస్తకళా మండలి మొదలుపెట్టినవాళ్లలో ఆవిడ ఒకరు. అదే ఏడాది పుట్టిన ప్రపంచ హస్తకళా మండలిలోనూ ముందు వరసలో ఉన్నారు. చేతిపని వాళ్లకి జాతీయ పురస్కారాలు ఇవ్వడం కూడా ఆవిడ కాలంలోనే, 1965లో మొదలైంది. అప్పటిదాకా కుమ్మరికీ, నేతగాడికీ, బొమ్మలు చెక్కేవాడికీ ప్రభుత్వం పేరుపెట్టి పిలిచి ఇచ్చింది పెద్దగా లేదు. 1986లో తన జ్ఞాపకాల పుస్తకం వేశారు. అందులో కూడా తన గురించి కంటే తాను కలిసిన మనుషుల గురించి, వాళ్ల పనుల గురించే ఎక్కువ ఇష్టంగా రాసినట్టు నాకు తోచింది.

1988 అక్టోబరు 29న బొంబాయిలో ఆవిడ చనిపోయారు. అప్పటికి ఎనభై అయిదేళ్లు. శ్రీకాళహస్తి కలంకారీ కళాకారుడు గురప్పశెట్టి గారికి 2008లో పద్మశ్రీ వచ్చింది. నిమ్మలకుంట తోలుబొమ్మల కళాకారుడు దళవాయి చలపతిరావు గారికి 2020లో వచ్చింది. శ్రీకాళహస్తిలో ఇప్పుడు పొద్దున పూట వెళ్తే స్వర్ణముఖిలో నీళ్లు ఉన్న రోజుల్లో గుడ్డలు జాడిస్తూ కనిపిస్తారు. నీళ్లు లేని రోజుల్లో బోరు దగ్గర జాడిస్తారు.